సాంచకు మోటారు, పడవకు మోటారు: ఎత్తు ఎంత?



పోయినసారి అవ్వ చేతి సకినాల గురించి రాశాం. చాలామంది ఫోన్లు చేసి, మా ఇంట్లోనూ గిట్లనే చేసేవాళ్లు అన్నారు. ఈసారి ఇనుప సామాను గురించి రాస్తున్నాం. ఇది మన ఇంట్లో నలభై ఏళ్లుగా ఉండి కూడా ఎవరమూ రాసి పెట్టని చదువు. అది మనకు గుర్తుకొచ్చింది కూడా భివండిలో కాదు, అమెరికాలో ఒక చెరువు గట్టున.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున, టెంఘర్‌లో అందరం చాయ్ తాగుతుంటే మిన్నెసోటా నుంచి మనుమడు వీడియో కాల్ చేసిండు. అక్కడ శనివారం సాయంత్రం. వాడు, వాడి దోస్తు కలిసి 1970ల నాటి పాత స్కీ పడవ ఒకటి కొన్నారు. పదిహేడు అడుగుల ఫైబర్ పడవ. అంటే వెనక తాడు కట్టి, నీళ్ల మీద స్కీ పలకలతో మనిషిని లాగే రకం. పడవ వెనక పలకను, మోటారును వేలాడదీసే పలకనన్నమాట, ట్రాన్సమ్ అంటారు. దాని లోపలి ప్లైవుడ్ పుచ్చిపోతే చలికాలమంతా కూర్చుని కొత్తది వేశారు. రంగులేశారు. సీట్లు కుట్టించారు. అంతా బాగుంది. నీళ్లలో దించినంక తంటా మొదలైంది.

"తాతా, నిదానంగ పోతే మంచిగనే ఉంది. మనిషిని లాగుదామని రేస్ ఇస్తే మోటారు మొత్తుకుంటుంది, పడవ మాత్రం కదలట్లేదు. మలుపు తిప్పినా అంతే."

పెద్దబాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, వీడియో ఇంకోసారి పెట్టుమన్నాడు. మోటారు కీచుమనే చప్పుడు విన్నాడు. "పట్టా జారుతున్నది రా" అన్నాడు.

మేమంతా నవ్వినం. పడవకు పట్టా ఎక్కడిది? ఆయన నవ్వలేదు. "నీళ్లే పట్టా. మోటారు తిరుగుతుంది, పడవ తిరుగతలేదంటే నడుమ జారుతున్నట్టే. మోటారు పైకెక్కింది. ఎంత ఎత్తుల పెట్టినవ్? ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచినవ్?"

డెబ్బై దాటిన మనిషి. చెరువులో బోటు ఎక్కింది కూడా లేదు. ఆయనకు ఆ మాట ఎట్ల తట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మోటారు లేని సాంచాలు

మన తాత సిరిసిల్ల దిక్కు చేమగ్గం విడిచి 1950ల్లో ముంబైకి వచ్చిండు. మనలాంటి పద్మశాలి కుటుంబాలు చాలా ఆ తొవ్వలోనే నడిచాయి: కొందరు షోలాపూర్, కొందరు ముంబై మిల్లులు, కొందరు నేరుగా భివండి. ముంబైలో బట్టల మిల్లుల కథ 1854లో తాడ్‌దేవ్‌లో కావస్‌జీ నానాభాయ్ దావర్ మొదలుపెట్టిన మిల్లుతో మొదలవుతుంది. ఆ కాలంలో ఏ సాంచకూ సొంత మోటారు లేదు. మిల్లుకంతా ఒక పెద్ద ఆవిరి ఇంజిన్. దాని బలం కప్పు కింద పొడుగ్గా సాగే ఇనుప షాఫ్టుకు, ఆ షాఫ్టు మీది చక్రాల నుంచి తోలు పట్టాలతో కింద ఒక్కొక్క సాంచకు అందేది. లైన్ షాఫ్ట్ అనేవాళ్లు. 1915లో ఖోపోలీ నుంచి టాటాల జలవిద్యుత్తు ముంబైకి వచ్చింది. మిల్లుల్లో ఆవిరి ఇంజిన్ల జాగాలోకి కరెంటు మోటార్లు రాసాగాయి. అప్పుడు కూడా చాలా షెడ్లలో ఒక మోటారు ఒక షాఫ్టును, ఆ షాఫ్టు వరుస సాంచాలను తిప్పేది.

అంటే ఆ సాంచాల ఒంట్లో మోటారుకు చోటే పెట్టలేదు. పక్క ఫ్రేముకు దాన్ని బిగించే కన్నాలుండవు. బలం పై నుంచి వస్తుందని లెక్కేసి పోత పోసిన ఒళ్లు అది.

పెద్దబాపు కుర్రతనంలోనే తాత వెంట మిల్లు షెడ్డులో చేరి, జాబర్ చేతికింద పని నేర్చిండు. జాబర్ అంటే వరుస సాంచాలను చూసుకునే మేస్త్రీ. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది దాకా కార్మికులు బయటికొచ్చిన ఆ సమ్మె తర్వాత చాలామంది మళ్లీ మిల్లు గేటు దాటనే లేదు. బట్ట నేత భివండి, ఇచల్‌కరంజి, మాలేగావ్ లాంటి చోట్లకు ఇంకా జరిగింది. మనోళ్లు కూడా ముంబై ఖోలీ ఖాళీ చేసి టెంఘర్‌కు వచ్చింది అప్పుడే. పద్మానగర్‌లో తెలుగు వాళ్లు అప్పటికే మస్తుగా ఉండేవాళ్లు. బతుకమ్మ అక్కడ ఆడుకుని, రాత్రికి టెంఘర్ వచ్చేవాళ్లమని అవ్వ చెప్పేది.

టెంఘర్‌లో రెండు తప్పులు

చేతిలో ఉన్న పైసలకు కొత్త సాంచాలు రావు. తుక్కు వ్యాపారి దగ్గర మిల్లు నుంచి వచ్చిన పాతవి రెండు దొరికాయి. లైన్ షాఫ్ట్ కాలం నాటివే. తుప్పు గీకి, బుష్‌లు మార్చి, కొత్త పికింగ్ కట్టెలు వేసి వాటిని లేపారు. ఒక్కోదానికి ఒక హార్స్ పవర్ మోటారు కొన్నారు. నిమిషానికి 960 చుట్లు తిరిగే మోటారు. దాని చక్రం రెండున్నర అంగుళాలు, సాంచ చక్రం పదిహేను అంగుళాలు. లెక్క వేస్తే సాంచ 160 చుట్లు తిరగాలి. సాంచ క్రాంకు ఒక్క చుట్టు తిరిగితే నాడె ఒక్కసారి అటు నుంచి ఇటు పోతుంది. అంటే నిమిషానికి 160 పేకలు.

లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంది. మోటారు ఎంత ఎత్తులో కూర్చోవాలన్నదే తేలలేదు. సాంచ చక్రం పైన, మోటారు కింద. నడుమ పట్టా. మోటారును పైకెత్తితే రెండూ దగ్గరై పట్టా వదులవుతుంది. కిందికి దించితే బిగుసుకుంటుంది. పెద్దబాపు పక్క షెడ్డుకు పోయి, నడుస్తున్న సాంచకు మోటారు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలుచుకొచ్చి, అదే ఎత్తులో దుంగ వేసి మోటారు బిగించిండు. అది మొదటి తప్పు. వాళ్ల సాంచ వేరే, చక్రం వేరే, నేల వేరే. మన సాంచకు ఆ ఎత్తు ఎక్కువైంది. పట్టా వదులుగా పడింది.

ఖాళీగా తిప్పితే బాగానే తిరిగింది. అందరూ సంబరపడ్డారు, కొబ్బరికాయ కొట్టారు. పడుగు ఎక్కించి హ్యాండిల్ లాగిన మొదటిరోజే పట్టా జారింది. సాంచకు మొదటి దెబ్బే ముఖ్యం. ఆగి ఉన్న సాంచ ఒక్క చుట్టులోనే పూర్తి వేగం అందుకోవాలి, లేకపోతే నాడెకు అవతలి పెట్టె దాకా పోయే ఊపు చాలదు. ఆ రోజు నాడె నడిమధ్యల ఆగింది. పన్నె వచ్చి దాన్ని పడుగు మీదికి కొట్టింది. వందల పోగులు తెగాయి. అవ్వ, పెద్దమ్మ కూర్చుని రాత్రంతా ఒక్కొక్క పోగు ముడి వేశారు. మీటరు లెక్కన కూలి వచ్చే ఇంట్లో బట్ట లేని రోజంటే కూలి లేని రోజే.

తెల్లారి కోపంతో రెండో తప్పు చేసిండు. దుంగ తీసేసి మోటారును ఎంత కిందికి పోతే అంత కిందికి దించి, పట్టా వీణ తీగలా బిగించిండు. జారడం ఆగింది. నాలుగు రోజులు బట్ట కూడా బాగానే వచ్చింది. మోటారు మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. బేరింగు అరిచింది. చివరికి వైండింగు కాలిపోయింది. రీవైండింగుకు అవ్వ చెవి కమ్మలు కుదువబెట్టారు. ఆ కమ్మలు తిరిగి రావడానికి ఏడాది పట్టింది.

మూడోసారి దారి చూపింది ఒక ముసలి జాబర్. మోటారును నేలకు బిగించొద్దన్నాడు. సాంచ ఫ్రేముకే ఒక ఇనుప పలక కట్టించమన్నాడు. దానికి ఒక పక్క కీలు, ఇంకో పక్క పొడుగు బోల్టు. మోటారు ఆ పలక మీద కూర్చుని తన బరువుతోనే పట్టాను లాగి పట్టుకుంటుంది. బోల్టు నట్టు తిప్పితే కొంచెం పైకి, కొంచెం కిందికి. పట్టా నడిచేకొద్దీ సాగుతుంది కాబట్టి కిందికి దించుకునే జాగా ముందే ఉంచుకోవాలి. పెద్దబాపు సుద్దముక్కతో గీత గీసి, నట్టు ఒక్క చుట్టు తిప్పి, బెత్తెడు బట్ట నేసి చూసి, మళ్లీ ఒక్క చుట్టు తిప్పిండు. గీత తెల్ల పెయింటుగా మారింది. తర్వాత ఆయన జాబర్ అయ్యి ఎన్ని షెడ్లలో ఎన్ని సాంచాలకు మోటార్లు కట్టినా, ఏ కొలతా ఇంకో షెడ్డు నుంచి తేలేదు.

నీళ్ల మీద మోటారు

పడవల కథ కూడా ఇట్లాంటిదే. తెడ్లతో, తెరచాపతో నడిచే ఒంటికి మోటారు తర్వాత వచ్చి చేరింది. నార్వేలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చిన ఓలే ఎవిన్‌రూడ్, విస్కాన్సిన్‌లోని మిల్వాకీలో 1909లో పడవ వెనక తగిలించుకునే మోటారు అమ్మడం మొదలుపెట్టిండు. బలం ఒకటిన్నర హార్స్ పవర్, బరువు 62 పౌన్లు. ఎండలో చెరువు దాటి ఐస్‌క్రీం తెచ్చేలోపు అది కరిగిపోయిందని, అందుకే ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ చెప్తారు. అంతకు ముందే కామెరాన్ వాటర్‌మన్ అనే ఆయన కూడా ఇట్లాంటిది చేసిండు కానీ జనానికి గుర్తున్నది ఎవిన్‌రూడ్ పేరే.

నీళ్ల మీద స్కీ ఆట పుట్టింది కూడా ఆ దగ్గర్లోనే. మిన్నెసోటాలో లేక్ సిటీ అనే ఊరు, పెపిన్ సరస్సు ఒడ్డు. మిసిసిపీ నది అక్కడ వెడల్పై సరస్సులా పారుతుంది. 1922లో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు పీపా చెక్కలతో, మంచు స్కీలతో ప్రయత్నించి మునిగి, చివరికి పలకల ముక్కులు ఉడికించి వంచి, వాటి మీద లేచి నిలబడ్డాడు. లాగిన పడవకు ఉన్నది లారీ ఇంజిన్. అదీ ఒక ఒంటి నుంచి తీసి ఇంకో ఒంటికి పెట్టిందే. మన మనుమడి ఇంటికి ఆ ఊరు కారులో గంటన్నర దూరం.

మూడు కన్నాల లెక్క

ఆ ఆదివారం నుంచి మూడు వారాలు తాతా మనుమలు ఫోన్ల మీదే మోటారు కట్టారు. మాకు అర్థమైనంత వరకు రాస్తున్నాం. ఎవరింట్లోనైనా ఇట్లాంటి పడవ ఉంటే పనికొస్తుంది.

మోటారు కింద ప్రొపెల్లర్‌కు కొంచెం పైన, అడ్డంగా చదునైన రెక్క ఒకటి ఉంటుంది. యాంటీ వెంటిలేషన్ ప్లేట్ అని దాని సరైన పేరు. చాలామంది కేవిటేషన్ ప్లేట్ అంటారు. పై గాలి ప్రొపెల్లర్‌లోకి దిగకుండా అడ్డుకోవడమే దాని పని. మామూలుగా మొదలుపెట్టేటప్పుడు ఆ ప్లేటు పడవ అడుగుకు సమంగా ఉండాలి. దానికంటే మరీ పైకెక్కితే ప్రొపెల్లర్ గాలి మింగుతుంది. నీటిని పట్టుకోలేక ఉత్తగ తిరుగుతుంది, మోటారు కీచుమంటుంది. చల్లబరచుకునే నీళ్లు కూడా మోటారు కింది నుంచే పీల్చుకోవాలి కాబట్టి మరీ పైకెత్తితే వేడెక్కుతుంది. మరీ కిందికుంటే మోటారు కాలు నీళ్లలో అడ్డంపడి లాగుతుంది. నీళ్లు చిమ్ముతాయి, స్టీరింగు బరువవుతుంది, వేగం రాదు. పైనుంటే జారుడు, కిందుంటే బరువు. టెంఘర్ సాంచకూ అదే సూత్రం.

మనుమడి దగ్గరున్నది ఇరవై అంగుళాల ట్రాన్సమ్‌కు చేసిన మోటారు. పుచ్చిన పాత పలక అంచు అరిగి కుంగి ఉంటే, దాన్నే కొలిచి కొత్త పలకను పద్దెనిమిదిన్నర అంగుళాలకు కోశారు. దాని మీద మోటారు కూర్చుంటే ప్లేటు అడుగుకు ఒకటిన్నర అంగుళం కిందికి పోయింది. మొదటిరోజు పడవ బరువుగా నడిచిందంటే కారణం అదే. దాంతో వీడు తొందరపడి మోటారును ఒకేసారి మూడు కన్నాలు పైకెత్తిండు. మోటారు బ్రాకెట్టులో కన్నానికి కన్నానికి నడుమ ముప్పావు అంగుళం. మూడు కన్నాలంటే రెండుంబావు. ఒకటిన్నర కింద ఉన్నది కాస్తా ముప్పావు అంగుళం పైకి పోయింది. నేరుగా ఒక్కడే పోతుంటే వేగంగానే ఉంది. బరువు పడగానే, మలుపు రాగానే జారుడు.

"పుచ్చిన చెక్కను కొలిచినవు. అరిగిన అంచు కొలత కాదు రా" అన్నాడు పెద్దబాపు. "పడవ అడుగు ఎక్కడుందో ఆడికెళ్లి కొలువు. పొడుగు పట్టీ పెట్టు."

వాడు పడవను ట్రైలర్ మీదికెక్కించి, అడుగు నడిమి గీత వెంట పొడుగాటి అల్యూమినియం పట్టీ ఆనించి వెనక్కి జరిపిండు. మోటారును నిటారుగా దించి, పట్టీకి ప్లేటుకు నడుమ ఎడం చూసిండు. ముప్పావు. ఇప్పుడున్న చోట మార్కర్‌తో గీత గీసి ఫొటో పంపిండు. ఇంకా పైకెత్తాలా, పలకకు ఇంకో చెక్క అతికించాలా అని అడిగితే పెద్దబాపు గట్టిగానే అన్నాడు: "చెక్క ముట్టుకోకు. కోసింది మళ్లీ అతకదు. ఒక్క కన్నం దించు. ఒక్కటే. ఇంకేం మార్చకు. ప్రొపెల్లర్ మార్చకు, వంపు మార్చకు. మారిస్తే దేనితోని బాగైందో నీకు ఎరుక కాదు."

ఒక్క కన్నం దించితే ప్లేటు అడుగుకు సరిగ్గా సమం. బోల్టులకు పెద్ద వాషర్లు వేసి, కన్నాల్లో నీరు దిగకుండా సీలెంట్ పూసి బిగించిండు. వాడి దోస్తు వెంటనే స్కీ పలకలు తీసుకుని నీళ్లలోకి దిగబోతుంటే పెద్దబాపు వద్దన్నాడు. ముందు దోస్తులను నలుగురిని పడవలోనే కూర్చోబెట్టి, ఆగిన చోట నుంచి ఒక్కసారిగా రేస్ ఇచ్చి చూడమన్నాడు. తర్వాత మలుపుల్లో చూడమన్నాడు. మోటారు పక్కన కారే నీటి ధార సన్నబడుతుందా, ఫుల్ రేస్‌లో ఆర్‌పీఎం కంపెనీ చెప్పిన హద్దుల్లోనే ఉందా రాసుకోమన్నాడు. జారే మోటారుతో మనిషిని లాగితే, పడవ వాడు కంగారుపడి రేస్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటాడు. ప్రొపెల్లర్‌కు దగ్గర్లో నీళ్లలో మనిషి. సాంచలో అయితే పోగులు తెగుతాయి, ఇక్కడ తెగేవి పోగులు కావని ఆయన అన్న మాటకు వాడు చాలాసేపు మాట్లాడలేదు.

మూడో ఆదివారం వీడియో వచ్చింది. కీచు చప్పుడు లేదు. పడవ ముందుకు దూకింది, వెనక తాడు పట్టుకున్న దోస్తు నీళ్ల మీద లేచి నిలబడ్డాడు. పడవలో ఒకడు వెనక్కి తిరిగి కూర్చుని స్కీ మనిషినే చూస్తున్నాడు. నడిపేవాడి నడుముకు మోటారు ఆపే తాడు కట్టి ఉంది. పెద్దబాపు వాటినే ముందు చూసి, "ఆఁ, గట్ల" అన్నాడు.

మన తీరంలో

ఈ ఎత్తు సంగతి అమెరికా సరదాలకే పరిమితం అనుకోకండి. ఆంధ్ర తీరంలో మన బెస్త, పల్లెకారుల నావలకు, తెప్పలకు చాలా చోట్ల రేవులుండవు. అలలను దాటుకుని ఇసుక మీదికే రావాలి. అడుగు కింద వేలాడే ప్రొపెల్లర్ ఇసుకకు తగిలితే విరుగుతుంది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కింద మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఒడ్డుకెక్కే పడవల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. అందులో ముఖ్యమైనది, సముద్రంలో కిందికి దించి ఒడ్డు దగ్గర పైకెత్తగలిగే ప్రొపెల్లర్ ఏర్పాటు. అక్కడ ఎత్తు ఒకసారి బిగించి వదిలేసేది కాదు, రోజూ మారాల్సిందే. అక్కడ కూడా ఒడ్డును, అలను, పడవ అడుగును చూశాకే మోటారు చోటు తేలింది.

చివరి సాంచ

ఇక మన ఇంటి సంగతి. భివండి ఇప్పుడు గోదాముల ఊరిగా పేరు తెచ్చుకుంటోంది. మన షెడ్డులో సాంచాలు ఒక్కొక్కటే కిలోల లెక్కన తుక్కుకు పోయి, చివరికి ఒక్కటే మిగిలింది. మొదట కొన్న రెండింట్లో ఒకటి. షెడ్డు కిరాయికి ఇవ్వాలని నిర్ణయించుకున్నాం కాబట్టి దీపావళిలోపు అదీ పోవాలి. కొందరం ఉంచుదామన్నాం, ఎక్కడ పెడతాం అని కొందరన్నారు. రెండు వైపులా న్యాయం ఉంది. సాంచ తూకం టన్నుకు దగ్గర్లో ఉంటుంది, మన ఇల్లు రెండు గదులు.

ఆ పడవ ఫోన్ల తర్వాత మనుమడు ఒకటే అడిగిండు: "తాతా, అమ్మే ముందు కొలతలు రాయించుకోండి." నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో మాలో ఎవరమూ ఆయన్ని ఆ పని గురించి అడగలేదు. ఇంజనీర్లమయ్యాం, లెక్కలాఫీసుల్లో చేరాం. ఆయన చేతికున్న గ్రీజును చూశామే కానీ చేతిలోని లెక్క చూడలేదు.

రెండు సాయంత్రాలు షెడ్డులో కూర్చున్నాం. ఆయన చెప్పాడు, మేం రాశాం. చక్రాల కొలతలు, పలక కీలు ఎత్తు, బోల్టు మీద తెల్ల పెయింటు గీత, పట్టా ఎంత సాగితే నట్టు ఎన్ని చుట్లు తిప్పాలి, మొదటి దెబ్బకు నాడె చప్పుడు ఎట్లుండాలి. చప్పుడును రాయడం మాకు చేతకాలేదు, ఫోన్‌లో రికార్డు చేశాం. సాంచ అమ్మేశాం. కీలున్న ఆ ఇనుప పలకను మాత్రం విప్పి ఉంచుకున్నాం. ఇప్పుడది వంటింటి అలమారా పైన ఉంది. మనుమడు వచ్చే సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకుపోతానంటున్నాడు.

సూరత్‌లో, షోలాపూర్‌లో, ముంబైలో, ఇంకా దూరాన ఉన్న మన వాళ్లందరికీ ఒక మాట. మీ ఇంట్లో కూడా సాంచ దగ్గరో, లేత్ దగ్గరో, లారీ కిందో బతుకంతా పనిచేసిన పెద్దలు ఉంటారు. పండుగకు పోయినప్పుడు ఆరోగ్యం అడిగినంక ఒక కొలత అడగండి. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచేవారో కూడా అడిగి రాసుకోండి.